అదే ఆట ఇది: చిన్న లాప్‌టాప్ ఎంపికలో ప్రత్యభిజ్ఞా ప్రశ్న

మునుపు ఎరిగిన వస్తువు కొంతకాలం తర్వాత మళ్ళీ కంటపడినప్పుడు ‘అదే ఇది’ అని కలిగే నిశ్చయజ్ఞానాన్ని భారతీయ తర్కశాస్త్రం ప్రత్యభిజ్ఞ అంటుంది. తెలుగు నేలకు చెందినవాడిగా పండితులు చెప్పే పదిహేడవ శతాబ్దపు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో స్మృతిని సంస్కారం వల్ల మాత్రమే పుట్టే జ్ఞానంగా నిర్వచించాడు. సంస్కారమంటే పూర్వానుభవం ఆత్మలో మిగిల్చిపోయిన ముద్ర. ఆ నిర్వచనంలో ‘మాత్రమే’ అన్న నియమం చేరింది ప్రత్యభిజ్ఞను స్మృతి నుంచి వేరుచేయడానికే. జ్ఞాపకం చేసుకోవడానికి వస్తువు ఎదుట ఉండనక్కరలేదు, గుర్తుపట్టడానికి మాత్రం అది ఎదుట ఉండి, కంటికో చెవికో చేతికో తగిలి తీరాలి. ఒక పాత కంప్యూటర్ ఆటను మళ్ళీ ఆడాలని యంత్రం వెతుక్కునే మనిషి కోరుకుంటున్నది ఈ రెండింటిలో ఏది అన్న ప్రశ్నకు జవాబు తేలితే గానీ, ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకు జవాబు తేలదు.

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని కొత్తగూడ ఈ విచారణకు తగిన చోటు. కొండాపూర్‌కూ హైటెక్ సిటీకీ నడుమ, ఒకవైపు రిజర్వు అటవీభూమిలోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్, మరొకవైపు 2023 జనవరి 1న ప్రారంభమైన ఫ్లైఓవర్, చుట్టూ హాస్టళ్ళు, అపార్టుమెంట్లు ఉన్న ఈ ప్రాంతంలో నివసించేవారిలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. దగ్గరలోని సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. ఆ భవనం లేచిన కాలానికి అటూ ఇటూ వచ్చిన ఆటలే, అంటే 1997 నాటి కెప్టెన్ క్లా, 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 2000 నాటి ప్రాజెక్ట్ ఐజీఐ, 2003లో కంప్యూటర్లకు వచ్చిన వైస్ సిటీ, 2006 నాటి ఈఏ క్రికెట్ 07 వంటివే, జిల్లా పట్టణాల నెట్ సెంటర్లలోనూ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ళలోనూ ఒక తరానికి కంప్యూటర్‌తో తొలి చనువును కలిగించాయి. ఆ తరమే ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేస్తున్నది. పగలంతా ఆఫీసు లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషి, ఆ యంత్రంలో సొంత ప్రోగ్రాములు వేసుకునే అనుమతి లేక, ఆట కోసం వేరే చిన్న లాప్‌టాప్ ఒకటి చూసుకోవడం ఇక్కడ సహజం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి, విండోస్ 11 నియమాలకు సరిపోని పాత ప్రాసెసర్ల లాప్‌టాప్‌లు ఆఫీసుల నుంచి తొలగి సెకండ్ హ్యాండ్ సరుకుగా మారడం కూడా సహజమే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇలాంటి సరుకుకు చిరకాలంగా పేరున్న చోటు.

యంత్రం ఎంత కొత్తదైతే ఆట అంత బాగా నడుస్తుందన్న నమ్మకం ఈ విషయంలో నిలవదు. డాస్ కాలపు ఆటలు, విండోస్ తొలినాళ్ళ ఆటలు కొన్ని 16 బిట్ల ఆదేశాలతో రాసినవి, అంటే ప్రాసెసర్ ఒక విడతలో 16 ద్వ్యంకాల వెడల్పున సంఖ్యలను అందుకుంటుందని తలచి రాసినవి. 64 బిట్ల విండోస్‌లో వాటిని నడిపే ఏర్పాటే లేదు, విండోస్ 11 సాధారణ కంప్యూటర్లకు 64 బిట్ల రూపంలో తప్ప రాలేదు. సీడీ అసలుదా నకలుదా అని పరీక్షించడానికి ఆనాటి ప్రచురణకర్తలు వాడిన సేఫ్‌డిస్క్ అనే రక్షణ పద్ధతికి భద్రతా లోపాల కారణంగా విండోస్ 10 చోటివ్వలేదు, 2015లోనే పాత విండోస్‌లలో కూడా అది ఆగిపోయింది. ఫలితంగా డబ్బిచ్చి కొన్న అసలు సీడీ చేతిలో ఉన్నా ఆట తెరుచుకోని స్థితి ఏర్పడింది. పక్క గదిలోని మిత్రుడితో కలిసి ఆడడానికి ఆనాటి ఆటలు వాడిన ఐపీఎక్స్ అనే నెట్‌వర్క్ పద్ధతిని విండోస్ విస్టా నుంచే తీసివేశారు. కొన్ని ఆటలకు సొంత గడియారం లేదు. ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్కిస్తే ఆట అంత వేగంగా పరుగెత్తుతుంది కాబట్టి, కొత్త యంత్రంలో శత్రువు కంటికి ఆనకముందే ఆట ముగిసిపోతుంది.

ఈ అడ్డంకుల్లో చాలావాటిని దాటించే సాధనం అనుకరణ ప్రోగ్రామ్. 2002లో తొలిసారి విడుదలైన డాస్‌బాక్స్ అటువంటిది: అది పాత ప్రాసెసర్‌ను, పాత సౌండ్ కార్డును, పాత గడియారపు వేగాన్ని, చివరికి ఐపీఎక్స్ నెట్‌వర్క్‌ను కూడా లెక్కల రూపంలో కల్పించి, డాస్ ఆటకు తాను పుట్టిన లోకంలోనే ఉన్నానన్న పరిస్థితిని కలిగిస్తుంది. అక్కడ నడిచేది పాత ఆటేనా, లేక దానిలా కనిపించే మరొకటా?

శబ్దం నిత్యమా అనిత్యమా అని వేదార్థ విచారకులైన మీమాంసకులకూ తర్కవాదులైన నైయాయికులకూ నడుమ శతాబ్దాల పాటు సాగిన వాదం ఇక్కడ అక్షరాలా పనికి వస్తుంది. మీమాంసకుల దృష్టిలో వర్ణం, అంటే ‘గ’ వంటి అక్షరధ్వని, ఎవరూ పుట్టించేది కాదు. అది ఎప్పుడూ ఉన్నదే, నోటి గాలి దాన్ని వెల్లడి చేస్తుంది. వెల్లడి చేసేదాన్ని వ్యంజకమనీ, వెల్లడయ్యేదాన్ని వ్యంగ్యమనీ అంటారు. ఒక మాటను ఎనిమిది మార్లు పలికితే లోకం ‘ఒకే మాటను ఎనిమిది మార్లు పలికాడు’ అంటుందే గాని ‘ఎనిమిది మాటలు పలికాడు’ అనదని మీమాంసా భాష్యకారుడు శబరుడు చూపించాడు. పలికే గొంతు మారవచ్చు, స్థాయి హెచ్చుతగ్గులు కావచ్చు; ఆ భేదాలన్నీ వ్యంజకానివి, వర్ణానివి కావు. ప్రోగ్రామ్‌ను వర్ణం స్థానంలోనూ యంత్రాన్ని వ్యంజకం స్థానంలోనూ ఉంచితే, 1990లో డాస్‌కు వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఒక నెట్ సెంటర్ సిస్టమ్‌లో వెల్లడైనా, నేడు కొత్తగూడలోని ఒక గదిలో చిన్న లాప్‌టాప్ మీద వెల్లడైనా, ఒకటే ఆట అవుతుంది. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. శబ్దం పలికినప్పుడు పుట్టి వెంటనే నశిస్తుందనీ, ‘అదే ఇది’ అన్న బుద్ధి జాతిసామ్యాన్ని ఆశ్రయించి కలుగుతుందనీ, ఒకరు వాడిన మందును మరొకరు వాడుతూ ‘అదే మందు’ అనడం ఇలాంటిదేననీ విశ్వనాథ పంచాననుడు భాషాపరిచ్ఛేదంలో నిరూపించాడు. మందు విషయంలో ఆ మాట చాలు, గుణం ఒకటైతే రోగికి మరేమీ అక్కర్లేదు. ఆట విషయంలో జాతిసామ్యం చాలుతుందా అన్నదే పరీక్షించవలసింది, ఆ పరీక్ష జరిగేది ముఖ్యంగా తెర మీద.

డాస్ ఆటల్లో అధికభాగం అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కల చిత్రాన్ని గీస్తాయి. సంఖ్యల నిష్పత్తి చూస్తే అది 16:10, కాని ఆనాటి గాజు మానిటర్ల తెర 4:3 నిష్పత్తిలో ఉండేది, ఆ చిత్రం తెరంతా నిండేలా సాగేది. అందువల్ల ఒక్కొక్క చుక్క వెడల్పు కంటే 1.2 రెట్లు పొడవుగా కనిపించేది, చిత్రకారులు ఆ సాగుడును లెక్కలోకి తీసుకునే బొమ్మలు గీసేవారు. ఆ చిత్రాన్ని నేటి తెర మీద సంఖ్యలు ఉన్నవి ఉన్నట్టుగా పెంచితే గుండ్రటి బంతి నొక్కినట్టవుతుంది, మనుషులు పొట్టివారవుతారు. ఫైలులోని సంఖ్యలు ఒక్కటి కూడా మారలేదు, అయినా కన్ను ‘ఇది అది కాదు’ అంటుంది. వ్యంజక భేదం వ్యంగ్యాన్ని తాకదన్న మీమాంసక వాదం ఈ చోట తడబడుతుంది. కాకపోతే ఆట స్వరూపం ఫైలులో కాక, ఫైలూ తెరా కలిసి కల్పించాలని ఉద్దేశించిన దృశ్యంలో ఉన్నదని చెప్పుకుంటే వాదం నిలబడుతుంది. ఇది చిన్న సవరణ కాదు. స్వరూపమంటే వస్తువు తనకు తానుగా ఉండే తీరు. ఉపాధి అంటే దానికి అంటుకొని, దానిదే అనిపించే బయటి ధర్మం, స్ఫటికానికి పక్కనున్న పువ్వు ఎరుపులాంటిది. కొనుగోలుదారు అడిగే ప్రతి ప్రశ్నా నిజానికి ఒక ధర్మం స్వరూపమా ఉపాధియా అని తేల్చే ప్రశ్నే.

ఆ దృష్టితో చూస్తే కొన్ని విషయాలు స్పష్టంగా తేలతాయి. 1920 అడ్డం, 1200 నిలువు చుక్కలున్న తెర పాత ఆటలకు అపూర్వంగా అమరుతుంది: 320ని 5తో, 200ను 6తో హెచ్చిస్తే 1600, 1200 వస్తాయి, అది సరిగ్గా 4:3, ఒక్క చుక్క కూడా అరకొరగా చీలదు, ఇరుపక్కలా 160 చుక్కల నల్లని పట్టీ మిగులుతుంది. నేడు విరివిగా దొరికే 1920, 1080 తెరలో ఈ సొగసు కుదరదు, 1080 అనే సంఖ్యను 200 నిశ్శేషంగా భాగించదు కాబట్టి చుక్కల అంచులు మసకబారుతాయి. 2006 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్60 వంటి 12 అంగుళాల యంత్రాల తెర 1024, 768 చుక్కలతో పుట్టుకతోనే 4:3. 2000 ప్రాంతపు ఆటలకు ఇంతకంటే దగ్గరి బంధువు దొరకదు, దానిలో విండోస్ ఎక్స్‌పీ నేరుగా నడుస్తుంది. అయితే ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది కాబట్టి ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచడం అవసరం. 2008 నుంచి కొంతకాలం వెలిగిన నెట్‌బుక్‌లు చవకగా, చేతిసంచిలో పట్టేటంత చిన్నగా ఉన్నా, వాటి తెరలు చాలావరకు 600 వరుసలకే పరిమితం, 768 వరుసలు కోరే ఆట వాటిలో ఇమడదు. మూత మీది బ్రాండు, లోహపు మెరుపు, ప్రాసెసర్ తరం ఎన్నోది అన్నవి ఉపాధులు. వాటికి పెట్టే డబ్బు ఆటకు చెందదు. కీబోర్డు మాత్రం ఉపాధి కాదు. పాత ఆటను ఎరిగినది కన్ను ఒక్కటే కాదు, వేళ్ళు కూడా. చిన్న లాప్‌టాప్‌లలో బాణపు మీటలు సగం ఎత్తుకు కుంచించుకుపోతాయి, కొన్నింటిలో మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే ఒకటి నమోదు కాదు. ఒకే కీబోర్డుకు ఇద్దరు చెరొకవైపు కూర్చొని ఆడిన ఆట అలాంటి యంత్రంలో సగమే బతుకుతుంది.

బౌద్ధ దార్శనికుల ఆక్షేపణ వీటన్నిటికంటే లోతైనది. సమస్తం క్షణికమనీ, దీపపు జ్వాల క్షణక్షణం కొత్తదైనా ఒకటేనని తోచినట్టు, కత్తిరించాక మళ్ళీ పెరిగిన వెంట్రుకలను ‘అవే వెంట్రుకలు’ అనుకున్నట్టు, ప్రత్యభిజ్ఞ సాదృశ్యం వల్ల కలిగే భ్రమ అనీ వారి వాదం. ఈ వాదానికి తెలుగు నేల మీదనే ఒక శిలారూపమైన పరీక్ష జరిగింది. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, బయటపడిన కట్టడాల్లో కొన్నింటిని విడదీసి, కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి తిరిగి నిలిపారు. అనుపులో నేడు కనిపించే ప్రేక్షాగృహం ఒకప్పుడు ఆ లోయను ఏలిన ఇక్ష్వాకుల కాలపు ప్రేక్షాగృహమేనా? నేల మారింది, కూర్పు మళ్ళీ చేసినది, చూడవచ్చే మనుషులు వేరు. అయినా దాన్ని నకలు అనడానికి మనసొప్పదు, కారణం సాదృశ్యం కాదు: అమరిక ఒక చోటి నుంచి మరొక చోటికి తెగకుండా చేతులు మారింది, ఊహతో కొత్తగా కల్పించాలన్న ఉద్దేశం అక్కడ లేదు. జ్వాలకు, వెంట్రుకకు ఈ అవిచ్ఛిన్నత వేరొక రకంగా ఉన్నది, అక్కడ ముందుది తర్వాతిదాన్ని పుట్టిస్తుందే గాని ముందుదాని అమరికను కాపాడాలన్న సంకల్పం ఎవరికీ లేదు. ఆట ఫైలును ఒక డిస్కు నుంచి మరొక డిస్కుకు మార్చేవారికి ఆ సంకల్పం ఉన్నది. బౌద్ధుల ఆక్షేపణకు ఇది పూర్తి ఖండనం కాకపోవచ్చు, సంకల్పం కూడా క్షణికమేనని వారు అనగలరు. కాని సాదృశ్యానికీ సంరక్షణకూ నడుమ ఉన్న తేడాను వారి ఉదాహరణలు పట్టుకోలేవన్నది నిజం.

ఆగమశాస్త్రాలు ఈ తేడాను ఎంతో శ్రద్ధగా ఆచరణలోకి తెచ్చాయి. దేవాలయంలో జీర్ణోద్ధరణ, అంటే శిథిలమైనదాన్ని సరిచేసే పని, చేయవలసి వచ్చినప్పుడు మూలమూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక స్థానంలో ఉంచి, నిత్యార్చన ఆగకుండా సాగించి, పని ముగిశాక సంప్రోక్షణతో తిరిగి మూర్తిలోకి చేరుస్తారు. వైఖానస ఆగమాన్ని అనుసరించే తిరుమలలో పన్నెండేళ్ళకొకసారి ఈ క్రమం జరుగుతుంది. 2018 ఆగస్టులో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం అలాగే నిర్వహించారు. కలశంలో ఉన్న రోజుల్లో దైవం తక్కువ దైవమని ఏ అర్చకుడూ అనడు. ఆశ్రయం మారినా ఆశ్రయించినది మారదన్న విశ్వాసం, దాన్ని నిలబెట్టే విధి, రెండూ అక్కడ కలిసే ఉంటాయి. విధి తప్పితే విశ్వాసం ఒక్కటే ఆ పనిని చేయలేదు. ఈ గీటురాయి మీద పాత ఆటల పునర్ముద్రణలను పరీక్షించవచ్చు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ బొమ్మలన్నిటినీ కొత్తగా గీసి, సంగీతాన్ని తిరిగి చేయించి, కొత్త జాతులను చేర్చింది. అది గొప్ప కృషి, ఆడదగిన ఆట. కాని అది పాత పునాది మీద లేచిన నవనిర్మాణం, జీర్ణోద్ధరణ కాదు. అదే ఆట తొలి ప్రతిని విండోస్ 7లో తెరిచినప్పుడు రంగుల పట్టిక చెడి పచ్చిక ఎర్రబారేది. ఆ లోపాన్ని సరిచేసి 1999 నాటి రంగులను 1999 నాటివిగా చూపే చిన్న సవరణ జీర్ణోద్ధరణ. పాతదాన్నే కోరే మనిషికి రెండవదే ఎక్కువ విలువైనది, దానికి కావలసిన యంత్రం కూడా చాలా చిన్నది.

వస్తువు సంగతి ఇంతవరకు తేలినా, ఎరిగేవాడి సంగతి మిగిలే ఉన్నది. నిన్న చూసినవాడే నేడు చూస్తున్నాడన్న అనుభవం ఆత్మ స్థిరమని చెప్పకపోతే కుదరదని బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరాచార్యులు క్షణికవాదాన్ని ఖండించారు. పదమూడేళ్ళ వయసులో గంటకింత చెల్లించి నెట్ సెంటర్‌లో కూర్చున్న బాలుడూ, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో రాత్రి పది దాటాక లాప్‌టాప్ తెరిచే ఉద్యోగీ ఒక్కరే అని ఆ భాష్యం హామీ ఇస్తుంది. వారి శరీరం, ఓపిక, భయం, తీరిక ఒకటేనని ఇవ్వదు. పాత ఆట మొదలుపెట్టిన పావుగంటకే ‘ఇందులో ఏముందని అప్పుడు అంత మురిసిపోయాం’ అని మూసివేసేవారు ఎందరో ఉంటారు. వారు యంత్రాన్ని నిందిస్తారు, లేదా ఆటను నిందిస్తారు. నిజానికి వారు కోరుకున్నది ఆటను కాదు, ఆ ఆటను తొలిసారి చూసిన కళ్ళను.

అద్వైతులు దీనికి ఒక ఉపాయం చెప్పారు. పూర్వం ఒక ఊళ్ళో చూసిన దేవదత్తుణ్ణి నేడు మరొక ఊళ్ళో చూసి ‘వాడే వీడు’ అన్నప్పుడు, అప్పటి కాలాన్నీ ఆ ఊరినీ ఒకవైపు, ఇప్పటి కాలాన్నీ ఈ ఊరినీ మరొకవైపు విడిచిపెడితేనే ఆ వాక్యం సత్యమవుతుంది. విరుద్ధమైన అంశాన్ని విడిచి మిగిలినదాన్ని గ్రహించే ఈ పద్ధతిని భాగత్యాగ లక్షణ అంటారు, జీవేశ్వరుల ఐక్యాన్ని బోధించే మహావాక్యాన్ని వారు ఈ పద్ధతిలోనే వివరించారు. మోక్షశాస్త్రానికి చెందిన ఇంతటి సాధనాన్ని కాలక్షేపానికి వాడడం తగునా అన్న సంకోచం కలగవచ్చు. అయితే ‘అదే ఇది’ అన్న వాక్యం ఎక్కడ పుట్టినా దాని నిర్మాణం ఒకటే. చిన్న విషయంలో త్యాగం చేతకానివాడికి పెద్ద విషయంలో అది అకస్మాత్తుగా అబ్బదు. నెట్ సెంటర్, వేసవి సెలవులు, పక్కన నిలబడి సలహాలు చెప్పిన స్నేహితుడు విడిచిపెట్టవలసిన భాగాలు. చుక్కల అమరిక, అరవై నిమిషాల్లో రాకుమారిని చేరాలన్న ప్రిన్స్ ఆఫ్ పర్షియా నియమం, అంచు మీద ఒక్క అడుగు ముందుకో వెనక్కో అన్న నిర్ణయం మిగిలే భాగాలు. ఈ మిగిలినదానిలో ఆనందం దొరికితే అది ప్రత్యభిజ్ఞ. దొరకకపోతే స్మృతి చాలు, దానికి లాప్‌టాప్ అవసరం లేదు, ఆ సంగతి కొనకముందే తెలుసుకోవడం మేలు. ఇంట్లో ఇప్పటికే ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా డాస్‌బాక్స్‌ను ఉచితంగా వేసుకొని ఒక వారం ఆడి చూడడంలో ఈ పరీక్ష మొత్తం ఇమిడి ఉన్నది.

మీమాంసకుల వర్ణానికి ఉన్న ఒక భాగ్యం మాత్రం ఆటలకు లేదు. వర్ణం ఎవరూ పలకకపోయినా ఉన్నట్టే; ఆట ఫైలు సీడీ పొర చెడినా, హార్డ్ డిస్క్ ఆగిపోయినా లేనట్టే. వేదాన్ని నిత్యమని నమ్మినవారు సైతం నమ్మకం మీద భారం వేసి ఊరుకోలేదు. పదపాఠం, క్రమపాఠం, జటాపాఠం, ఘనపాఠం అని ఒకే మంత్రాన్ని పదాలుగా విడదీసీ, ముందుకూ వెనక్కూ మెలివేసీ వల్లించే పద్ధతులు ఏర్పరచుకొని, ఒక్క స్వరం జారినా పట్టుబడేలా కాపాడుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో ఫైలు చెక్కుచెదరలేదని నిర్ధారించే సరిచూపు సంఖ్య చేసేది కూడా ఈ పనే: ఫైలులోని అన్ని అంకెలనూ ఒక సూత్రంలో వేసి రాబట్టిన ఆ సంఖ్య, ఒక్క బిట్ మారినా మారిపోతుంది. సొంత సీడీలు ఇంకా అటక మీద ఉన్నవారు ముందుగా చేయవలసినది, వాటిని చదవగల డ్రైవు ఉన్న యంత్రం ఒకటి సంపాదించి, ప్రతి సీడీకీ పూర్తి ప్రతిరూపం తీసి, సరిచూపు సంఖ్యతో సహా రెండు చోట్ల భద్రపరచడం. నేటి చిన్న లాప్‌టాప్‌లలో సీడీ డ్రైవు ఉండదు, బయట తగిలించే యూఎస్‌బీ డ్రైవు సరిపోతుంది. ఏ లాప్‌టాప్ అన్న ప్రశ్నకు తొందరేమీ లేదు, సీటీసీకి రాబోయే ఏళ్ళలోనూ అవి వస్తూనే ఉంటాయి. సీడీ మీది పొర మాత్రం ఆగదు.